మూత మీద బొట్టు

"ఎన్ని నిమిషాలు నడిచింది?"

రామన్న ఆ మాట అడగడం అది మూడోసారి. పెబ్బేరు ఠాణాలో గోడ వారగా బల్ల మీద కూర్చున్న మాసయ్య మూడోసారి కూడా అదే చెప్పాడు.

"ఆరు నిమిషాలు సారు. కింద రెండు, పైన నాలుగు."

టైము తొమ్మిదీ ఇరవై. పన్నెండింటికల్లా మాసయ్యను వనపర్తి కోర్టులో హాజరు పెట్టాలని సీఐ శ్రవణ్ కుమార్ పట్టుదలగా ఉన్నాడు. ఒకసారి రిమాండుకు పోయాడంటే బయటికి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరి తరమూ కాదు చెప్పడం. మాసయ్య వెల్డింగు పని చేసుకునేవాడు, ప్లీడరును పెట్టుకునే స్తోమత లేనివాడు. అందుకే రామన్న వచ్చాడు. అందుకొక్కటే వచ్చానని తనకు తాను చెప్పుకుంటున్నాడు కూడా.

ముప్పై ఒక్కేళ్లు గద్వాల చుట్టుపక్కల మోటారు వాహనాల తనిఖీ అధికారిగా, అంటే జనం నోట్లో బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. 2007 వచ్చేసరికి ఆ ప్రాంతంలో బండి ఏదైనా అనుమానంగా పడితే ప్లీడర్లు ముందు ఆయన తలుపే కొడుతున్నారు. బండి పడిందా, పడేశారా అన్నది ఆయన తేల్చాలి. ఈసారి పడింది బండి కాదు, విమానం. అందులో ఉన్నది ఆయన సొంత చెల్లెలు జోగులమ్మ కొడుకు రవి.

ఐదు రోజులైంది. రామన్న కంట్లో చుక్క రాలేదు. రాలేదని బాధ కూడా లేదు. పంటికి మత్తు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉన్నాడు. మేనల్లుణ్ణి బొందలో పెట్టి వచ్చిన చేత్తోనే ఆ సాయంత్రం చొక్కాకు ఊడిన గుండీ కుట్టుకున్నాడు.

"ఇంజన్‌కు దగ్గు రోగం ఉండెనంట గద. ఎప్పటిసంది?" అని అడిగాడు.

"ఇరవై దినాల కింద మొదలైంది సారు. నడిచి నడిచి నడుమ దగ్గుతుండె. పెట్రోల్ అందుతలేదని తెలుస్తుండె గానీ ఏడ ఆగుతుందో తెలుస్తలే."

రవి, మాసయ్య కలిసి రెండేళ్లు కష్టపడి కట్టిన విమానం అది. పాత కారు ఇంజను, అల్యూమినియం గొట్టాలు, రెక్కలకు గట్టి గుడ్డ. ఒక్క మనిషి కూర్చునే సీటు, ఎగరడం ఇద్దరూ వంతులేసుకుని. పెబ్బేరు పశువుల సంత మైదానం సంత లేని రోజుల్లో ఖాళీగా పడి ఉంటుంది కాబట్టి అక్కడే ఎగరడం, అక్కడే దిగడం.

"ఏమేం చేసినవ్?"

"ఫస్టు ఫిల్టర్ మార్చిన. పోలే. కార్బొరేటర్ విప్పి కడిగిన. పోలే. పైపు ఊడదీసి సీసల పట్టిన, నిమిషానికి ఎంత వస్తదో చూద్దమని. ధార బాగనే ఉండె. ఇంజన్ కాగినంకనే దగ్గుతుందని రవి కనిపెట్టిండు. చూస్తే పెట్రోల్ పైపు పొగ గొట్టం పక్కకెల్లి పోతుంది. ఆ వేడికి పెట్రోల్ పైపులనే ఆవిరైతుండె. పైపును అవుతలి దిక్కు తిప్పినం. మల్ల నాలుగుసార్లు లేపినం సారు, ఒక్కోపారి ఇరవై నిమిషాలు. ఒక్క దగ్గు లేదు."

"ఆదివారం నాడు దగ్గిందా?"

మాసయ్య కళ్లు మూసుకుని గుర్తుచేసుకున్నాడు. "లేదు సారు. దగ్గలే. మెల్లమెల్లగ సల్లబడుకుంట పోయింది. పీకపట్టినట్టు. గప్పుడు రవి మైదానం దిక్కు తిప్పిండు గానీ కరెంటు తీగలు అడ్డమొచ్చినయ్."

ఆ మాట రామన్న తన చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆవిరి పట్టిన ఇంజను కుదుపుతో ఆగుతుంది. ఇది కుదపలేదు. పాత జబ్బు వేరు, చంపిన జబ్బు వేరు.

"ఆ దినం నువ్వెందుకు పోలే?"

"రవి పోతనన్నడు సారు." మాసయ్య నేల వైపు చూశాడు.

ఇంతలో సీఐ లోపలికి వచ్చాడు. ముప్పై అయిదేళ్లవాడు, కోస్తా నుంచి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగదు, ఫైలు తెరిచి ఉంటే నిద్ర పట్టదు. రెండేళ్ల కిందట నాగర్‌కర్నూల్ గనుల సర్వేయరు ఒకడు తెల్ల జీపుతో సహా మాయమైపోయాడు. ఆ కేసు ఇంకా తేలక పైవాళ్ల చేత నెలకోసారి అక్షింతలు వేయించుకుంటున్నాడు. రెండో తెరిచిన ఫైలు ఆయన భరించలేడు.

"రామన్నగారూ, మీ మేనల్లుడి కేసు మీరే చూడటం పద్ధతి కాదండి."

"పద్ధతి కాదు నిజమే. మీరు చూస్తే నేనెందుకు చూస్తా?"

"చూశానుగా. పెట్రోల్లో కిరసనాయిలు కలిసింది. ఇదిగో ఇతని భార్య సారమ్మ వాంగ్మూలం. ‘పొద్దున నా మొగుడు ఇంజన్‌కు గ్యాస్ నూనె పోసిండు’ అని స్పష్టంగా చెప్పింది. గ్యాస్ నూనె అంటే కిరసనాయిలేగా."

"పోసి?"

"పోసి ఏమిటి?"

"పోసి కడిగిండా, పోసి నడిపిండా? మా దిక్కు మెకానిక్కులందరూ గ్యాస్ నూనెతోనే సామాన్లు కడుగుతరు సారూ. మీ రైటరు సగం మాట రాసి కలం మూసిండు. ట్యాంకులో పెట్రోల్ పరీక్షకు పంపిండ్రా?"

"రిపోర్టు వస్తుంది."

"మనిషిని మాత్రం రిపోర్టు రాకముందే పంపుతున్నరు."

సీఐ ఫైలు టప్పున మూశాడు. అప్పుడే గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది. "సారూ, జర శాంతంగ. చాయ్ తెచ్చిన." ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డది సాయన్న. ఊరవతల రాతి క్వారీ నడిపించి మూసేసినవాడు. విమానం కట్టుకోవడానికి సంత మైదానం పక్కన ఉన్న తన రేకుల షెడ్డును ఊరికే ఇచ్చిన పెద్దమనిషి. అందరికీ గ్లాసుల్లో చాయ్ పోశాడు, మాసయ్యకు కూడా. "నా తమ్ముని లెక్కనే వీడు. జామీను కావాలంటే నేనుంట సారు" అన్నాడు.

"రెండు గంటలు ఇవ్వండి నాకు," అన్నాడు రామన్న సీఐతో. "ట్యాంకు చూస్తా. ఏమీ దొరక్కపోతే నేనే మీ జీపు తలుపు తెరుస్త."

సీఐ వాచీ చూసుకున్నాడు. "పదకొండున్నర. రేపు సంత. షెడ్డులో పెట్టించిన ఆ విమానం ఇనుమంతా సాయంత్రానికి అక్కడి నుంచి లేచిపోవాలి."

పదీ పదికి రామన్న షెడ్డుకు చేరాడు. బయట బండ మీద జోగులమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎవరూ చెప్పలేదు. అన్నను చూసి లేవలేదు, ఏడవలేదు. ఆమె కూడా తనలాగే ఉందని రామన్నకు అనిపించింది. పలకరించకుండానే లోపలికి పోయాడు.

కాపలా ఉన్న కానిస్టేబుల్ పెంటయ్య విమానం మీద కప్పిన టార్పాలిన్ తీశాడు. ముందు భాగం నుగ్గయింది. సీటు వైపు రామన్న చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడనవసరం కూడా లేకపోయింది. పాత అలవాటు, కన్ను దానంతటదే యంత్రం మీదికి పోతుంది.

కార్బొరేటర్ గిన్నె విప్పాడు. పొడిగా ఉంది. ఫిల్టర్ విప్పి వెలుతురుకు పెట్టి చూశాడు. శుభ్రం. పైపు ఊదాడు. గాలి సాఫీగా పోయింది. పంపు మీట చేత్తో ఆడించాడు. పనిచేస్తోంది. ఇక మిగిలింది ట్యాంకు. అది రెక్క వెనక ఉండటంతో దెబ్బ తగలకుండా బతికింది. చువ్వ ముంచి చూస్తే నాలుగు లీటర్ల పైచిలుకు పెట్రోలు ఉంది. వాసన చూశాడు, వేలికి రాసుకుని ఆరబెట్టాడు. జిడ్డు లేకుండా ఎగిరిపోయింది. కిరసనాయిలు అయితే అంత తొందరగా పోదు.

పైన నాలుగు లీటర్లు, కింద గిన్నెలో చుక్క లేదు. నడుమ దారి అంతా తెరిచే ఉంది. మరి పెట్రోలు ఎందుకు దిగలేదు?

ట్యాంకు పక్కల మీద అరచేయి వేశాడు. రెండు వైపులా రేకు లోపలికి గుంట పడి ఉంది. దెబ్బ తగిలితే గీత ఉండాలి, రంగు పోవాలి. ఒక్క గీత లేదు. ఎవరో లోపలి నుంచి గాలి పీల్చినట్టు రెండు బుగ్గలూ లోపలికి పోయాయి.

"పెంటయ్యా, పరీక్షకని పెట్రోల్ తీసింది ఎవరు?"

"నేనే సారు. ఆదివారం ఎనిమిదింటికి. సీఐ సారు తీయమన్నడు."

"మూత తిప్పినప్పుడు ఏమైంది?"

పెంటయ్య సిగ్గుపడ్డాడు. "బుస్సుమన్నది సారు. లోపల పామున్నదనుకొని ఎనక్కి దుంకిన. అందరూ నవ్విండ్రు."

"పంచనామాల రాసిండ్రా?"

"నేను దుంకింది గూడ రాస్తరా సారు?"

రామన్న మూత ఎక్కడుందని అడిగాడు. పెంటయ్య కవర్లో పెట్టిన మూత తెచ్చి ఇచ్చాడు. ట్రాక్టరు డీజిల్ ట్యాంకు మూత అది. మాసయ్య పాత సామాన్లలో కొని బిగించాడు. అలాంటి మూతకు నడుమ గుండుసూది పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. పెట్రోలు దిగుతున్న కొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు బిగుసుకుంటుంది, పంపు లాగినా పెట్రోలు రాదు. రెండు నిమిషాలు నడిపి చూస్తే ఏమీ తెలియదు. ఐదారు నిమిషాలకు ఇంజను పీక పట్టినట్టు చల్లబడుతుంది. పడ్డాక ఎవరో మూత తీస్తారు, బుస్సుమని గాలి పోతుంది, అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి.

మూతను వెలుతురులోకి తిప్పాడు. రంధ్రం కనిపించలేదు. సరిగ్గా నడుమ, రూపాయి బిళ్లంత పసుపు, దాని మీద కుంకుమ బొట్టు.

రామన్న ఆ మూత పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. కొత్త బండికి పూజ చేసి బొట్టు పెట్టని ఇల్లు ఈ పాలమూరులో లేదు. వేల బండ్ల మీద చూశాడు. ఒక తల్లి ముచ్చటపడి పెట్టిన బొట్టు కొడుకు ప్రాణం తీసిందని రాయాలా? మాసయ్యను విడిపించడానికి వేరే దారి లేదు. రాయకపోతే మాసయ్య పోతాడు, రాస్తే చెల్లెలు పోతుంది. అంత పెద్ద మాట అనుకున్నా లోపల ఏమీ కదల్లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

బయటికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"చెల్లె, ఆదివారం పూజల విమానానికి బొట్లు పెట్టింది నువ్వేనా?"

జోగులమ్మ అతని వైపు వింతగా చూసింది. "నేనెట్ల పెడత అన్నా? మీ బావ పోయి ఆరేండ్లాయె. శుభానికి నా చెయ్యి తగల్నిస్తనా? గా రేకుల మూలకు దూరంగ నిలబడ్డ. కొబ్బరికాయ కొట్టినప్పుడు గూడ ముందరికి రాలే."

"సారమ్మనా?"

"ఆల్లు చర్చికి పోయేటోల్లు గద. బొట్టు ముట్టరు. మొగుడు పెండ్లాం అవుతల నిలబడ్డరు. ఇంజన్ బాగైందని ఆ పొద్దుగాల పూజ పెట్టిచ్చింది సాయన్ననే, బొట్లు ఆయననే పెట్టిండు, కాయ గూడ ఆయననే కొట్టిండు." కొంచెం ఆగింది. "మంచోడన్నా సాయన్న. రవి ఎక్కి కూసుంటుంటే గాయన ఒక్కడే వద్దన్నడు. చెయ్యి పట్టుకొని గుంజిండు, దిగు రవీ, ఇయ్యాల నువ్వు పోకని. నా కొడుకు ఇనలే. నేను గూడ దిగమనలే అన్నా. నేనెందుకనలేదో నాకు తెల్వదు."

చెల్లెలి చెయ్యి పట్టుకోవాలని రామన్నకు తోచింది. తోచేలోపే సీఐ జీపు వచ్చి ఆగింది. టైము పదకొండు దాటి పది నిమిషాలు.

రామన్న చెప్పినదంతా సీఐ నిలబడే విన్నాడు. గుంట పడ్డ రేకు చూశాడు. పెంటయ్య పాము కథ ఈసారి నవ్వకుండా విన్నాడు. చివరికి మూత చేతిలోకి తీసుకుని, "అయితే ఇంకా తేలికండి. పసుపు ముద్ద రంధ్రానికి అడ్డం పడింది. పూజలో జరిగిన పొరపాటు. ప్రమాదం. ఫైలు ఇవాళే మూసేస్తాను" అన్నాడు.

"పసుపు నీళ్లు ఆరితే పొడి. ట్యాంకు బుగ్గలు పీల్చుకుపోయేంత గుంజుడుకు పసుపు పొడి నిలబడుతదా?"

"మీరు దేనికీ ఒప్పుకోరా?"

"నేను కాదు, ఆ రేకు ఒప్పుకోదు. మీ జేబులో చాకు ఉంటే ఇవ్వండి."

సీఐ ఇవ్వలేదు. పెంటయ్య తన తాళంచెవి ఇచ్చాడు. రామన్న దాని మొనతో బొట్టు అంచు గీరాడు. కుంకుమ రాలింది, పసుపు రాలింది. కింద బూడిద రంగులో గట్టి పొర ఒకటి తాళంచెవి మొనకు టక్కుమని తగిలింది. పైపులు కారితే పూసే ఎం-సీల్. రంధ్రం మీద సాపుగా నొక్కి, రాయిలా ఆరబెట్టి, దాని మీద బొట్టు పెట్టారు. నొక్కిన బొటనవేలి గీతలు కూడా దాంట్లో కనిపిస్తున్నాయి.

శ్రవణ్ కుమార్ మూతను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు. గొంతులో పాత బిగువు లేదు. "ఎప్పుడు పెట్టి ఉంటారు?"

"శనివారం సంత ఖాళీ అయినంక సాయంత్రం ఐదింటికి ఇరవై నిమిషాలు ఎగిరింది, ఏమీ కాలేదు. దిగినంక మాసయ్య ఆరు లీటర్లు పోసి, మూత బిగించి, ఏడింటికి షెడ్డుకు తాళం వేసిండు. ఆదివారం ఏడూ పదికి ఎగిరింది. నడుమ పన్నెండు గంటలు. ఇది ఆరడానికి గంట చాలు."

"తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి?"

"ఒకటి మాసయ్య దగ్గర. ఒకటి షెడ్డు యజమాని దగ్గర. మాసయ్య బొట్టు ముట్టడు. బొట్టు పెట్టింది సాయన్న."

"సాయన్నా?" సీఐ తల అడ్డంగా ఊపాడు. "రవిని ఎక్కొద్దని గుంజింది అతనొక్కడే. పది మంది సాక్ష్యం ఉంది. చంపాలనుకున్నవాడు చావకుండా పట్టుకుంటాడా?"

సీఐ అన్నది న్యాయమైన మాటే. ముప్పై ఒక్కేళ్లలో ఇలాంటి లెక్క ఒక్కటీ తప్పు తేలలేదు, ఇది మాత్రం కుదరడం లేదు.

"అది తర్వాత చూద్దాం. మాసయ్య సంగతి?" అన్నాడు.

ఇచ్చిన మాటకు సీఐ కట్టుబడ్డాడు. సెల్ ఫోను తీసి ఠాణాకు చేశాడు. "మాసయ్యను కోర్టుకు పంపక్కర్లేదు. ఎవరైనా జామీను సంతకం పెడితే ఇంటికి పంపించెయ్యండి." టైము పదకొండూ ఇరవై అయిదు. గెలిచానని రామన్నకు తెలుసు. సంతోషం మాత్రం రాలేదు. వేలిముద్రల వాళ్లు మహబూబ్‌నగర్ నుంచి వచ్చేదాకా మూతను పెంటయ్య జాగ్రత్త చేయాలని చెప్పి, షెడ్డు ముందు నీడలో కూర్చున్నాడు.

పావుగంటకు సారమ్మ వచ్చింది. మొగుణ్ణి వనపర్తి తీసుకుపోతారేమోనని టిఫిను గిన్నె కట్టుకుని అడ్డదారిన నడిచి వచ్చింది. పంపించేస్తున్నారని పెంటయ్య చెప్పగానే గిన్నె కింద పెట్టి, కొంగుతో ముఖం కప్పుకుంది. ఏడుపు ఆగాక రామన్న కాళ్ల దగ్గర కూర్చుంది.

"సారు, మీకొక మాట చెప్పాలె. నా మొగుడు చెప్పొద్దన్నడు. చెప్తే రవిని కావాలని తోలిండంటరని భయపడ్డడు. ఆ దినం పోవాల్సింది రవి కాదు. నా మొగుడే."

రామన్న ఆమె వైపు తిరిగాడు. "మల్ల?"

"ఆదివారం సారు. ఆరాధన నాడు గిట్ల ఆకాశంల తిరుగుడేందని నేనే చెయ్యి పట్టి గుంజిన. కొట్లాట పెట్టుకున్న. అక్కా, పరేషాన్ కాకు, నేనే పోత అని రవి నవ్వి ఎక్కిండు. పాపం నాదే సారు. జోగులమ్మ మొకం చూడలేకపోతున్న."

నేల మీద ఉన్న నీడలో రామన్న ఒక గీత గీశాడు. మూత మీద ఎం-సీల్ పెట్టినవాడికి శనివారం రాత్రికి తెలిసింది ఒక్కటే, ఎగిరేది మాసయ్య. ఆదివారం పొద్దున మనిషి మారాడు. అందుకే సాయన్న రవి చెయ్యి పట్టుకుని గుంజాడు. మంచోడై గుంజలేదు, తప్పు మనిషి చచ్చిపోతున్నాడని గుంజాడు.

"సారమ్మా, నీ మొగునికీ సాయన్నకూ ఏమన్న తకరారున్నదా?"

"ఏం లేదు సారు. మంచిగనే ఉంటరు. పోయిన వారం గురువారం విమానంల పైకెల్లి చూసినప్పుడు గూడ ముందుగాల సాయన్నకే చెప్పిండు నా మొగుడు."

"ఏం చెప్పిండు?"

"సాయన్న మూసిన క్వారీ గుంత లేదూ, నీల్లు నిండి ఉంటది. దరికి నిలబడితే పచ్చగ నాచే అవుపడ్తది. పైకెల్లి చూస్తే లోపల తెల్లగ ఏదో బండి కప్పు అవుపడ్డదంట. అన్నా, నీ గుంతల జీపు మునిగున్నదే అని నవ్వుకుంట చెప్పిండు. అప్పటిసంది సాయన్న మూడుపార్లు ఇంటికొచ్చి అడిగిండు, గా ముచ్చట ఇంకెవరికన్న చెప్పినవా అని."

జీపు దగ్గర నిలబడ్డ సీఐ ఇటు తిరిగాడు. అది రెండేళ్ల కిందట మాయమైన సర్వేయరు తెల్ల జీపని ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన పనీ లేకపోయింది. అతను ఫోను నొక్కుతున్నాడు, వేలు రెండుసార్లు తప్పు అంకె మీద పడింది.

"హలో. నేను. మాసయ్యను బయటికి పంపకండి. అక్కడే కూర్చోబెట్టండి." అవతలి మాట విన్నాడు. "ఎప్పుడు? ఎవరితో?"

ఫోను చెవి దగ్గర అలాగే పెట్టుకుని రామన్న వైపు చూశాడు.

"పది నిమిషాలైందట. సాయన్నే జామీను సంతకం పెట్టి తన మోటారు సైకిల్ మీద ఎక్కించుకున్నాడట. ఇంటి వైపు కాదు, క్వారీ వైపు పోయిందట బండి."

సారమ్మ ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూస్తోంది. "సాయన్నతోని పోయిండా? మంచిదే గద సారు?"

రామన్న లేచి నిలబడ్డాడు. మాసయ్యను విడిపించాలని పొద్దున్నుంచి పట్టుబట్టింది తనే. ఐదు రోజుల తర్వాత మొదటిసారి ఒంట్లో ఏదో కదిలింది. దుఃఖమేమో అనుకున్నాడు. కాదు, అది భయం. సారమ్మ ప్రశ్న వెనకే ఉండిపోగా జీపు ఎక్కి, క్వారీకి తోలమన్నాడు.